యల్లాప్రగడ సుబ్బారావు

చంద్రపూర్‌లోనైనా, భీమవరంలోనైనా రాత్రి గోరువెచ్చని పాలలో కాస్త తోడు వేస్తే తెల్లవారేసరికి పెరుగు తయారవుతుంది. ఈ పని చేసేవి కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటి జాతికే చెందిన ఒక సూక్ష్మజీవి సాయంతో ఒక భయంకరమైన జీర్ణకోశ వ్యాధికి మందు తయారైంది. ఆ కృషికి నాయకత్వం వహించినవారు మన తెలుగువారే. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. వారిది పేద కుటుంబం. మెట్రిక్ పరీక్షలో రెండుసార్లు తప్పినా సుబ్బారావు నిరుత్సాహపడలేదు. మూడవసారి ఉత్తీర్ణులై, తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అక్కడ ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కింది.

ఆ రోజులలో స్ప్రూ అనే వ్యాధి ఎందరినో పీడించేది. ఈ వ్యాధి వచ్చినవారి పేగులు ఆహారంలోని సారాన్ని గ్రహించలేవు. విరేచనాలతో, రక్తహీనతతో రోగి నానాటికీ క్షీణిస్తాడు. సుబ్బారావు అన్న పురుషోత్తం ఈ వ్యాధికే బలి అయ్యారు. సుబ్బారావుకు కూడా అది వచ్చింది. ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. కాని అన్నను బలిగొన్న వ్యాధికి మందు కనుగొనాలన్న తపన ఆయనను వదలలేదు.

1923లో భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి ఆయన అమెరికా వెళ్ళారు. రాత్రివేళ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. పిల్లి కండరాలను పరీక్షించి, కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించారు.

1940లో సుబ్బారావు లెడర్లే పరిశోధనశాలలో చేరారు. కాలేయంలో అతి స్వల్పంగా ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేయడం అక్కడి శాస్త్రజ్ఞుల లక్ష్యం. అంత స్వల్ప పదార్థాన్ని గుర్తించడం ఎలా? లాక్టోబాసిల్లస్ కేసై అనే సూక్ష్మజీవి ఫోలిక్ ఆమ్లం లేనిదే పెరగదు. కనుక అది ఏ నమూనాలో పెరిగితే అందులో ఆ ఆమ్లం ఉన్నట్లే. ఈ పరీక్ష ఆధారంగా ముందుకు సాగి, 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయగలిగారు. దానితో స్ప్రూ రోగులలో రక్తం వృద్ధి చెందింది.

1948లో అదే పరిశోధనశాల నుండి ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ మందులలో అదే మొదటిది. తరువాతి కాలంలో వైద్యులు ఫోలిక్ ఆమ్లాన్ని, టెట్రాసైక్లిన్‌ను కలిపి ఇచ్చి స్ప్రూను నయం చేయసాగారు. అన్నను కాపాడగలిగిన రెండు మందులూ తమ్ముని పరిశోధనశాల నుండే వచ్చాయి. నేడు పశువైద్యులు పిల్లుల పేగు జబ్బులను గుర్తించడానికి సైతం వాటి రక్తంలోని ఫోలేట్‌ను కొలుస్తున్నారు.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావు అమెరికాలోనే కన్నుమూశారు. స్వదేశానికి తిరిగి రాలేకపోయారు. భారత ప్రభుత్వం 1995లో ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది. తన దుఃఖాన్ని పదిమందికి మేలు చేసే కృషిగా మలచుకున్న మహనీయుడు సుబ్బారావు.