క్లోద్ మోనే మహాశయుని పూదోట

ప్రబంధమునకు వలసిన అష్టాదశవర్ణనలలో ఉద్యానవర్ణన మొకటియని మేము పెక్కేండ్లు బాలురకు బోధించితిమి. కవులలో కొందరు తాము చూడని తోటలను సైతము వర్ణించిరి. అట్లుగాక, తన యింటి చెంతనే తోట వేసి, పెంచి, నలువది మూడేండ్లు దానిని జూచుచు చిత్రములు వ్రాసిన యొక మహనీయుని చరిత్రమును చదువరులకు నివేదించుచున్నాము. ఆయన ఫ్రాన్సు దేశీయుడగు క్లోద్ మోనే.

ఈయన 1840వ సంవత్సరము నవంబరు 14వ తేదీన పారిసు నగరమున జన్మించి, సముద్రతీరమందలి ల హావ్ర్ పట్టణమున పెరిగెను. బాల్యముననే ఊరివారి వ్యంగ్యచిత్రములు వ్రాసి విక్రయించెడివాడు. బూదెన్ అను చిత్రకారుడు ఈ బాలుని ఆరుబయటికి గొనిపోయి, ప్రకృతిని కన్నులార చూచి వ్రాయుట నేర్పెను. 1874లో మిత్రులతో గూడి ప్రదర్శించిన సూర్యోదయ చిత్రమును విమర్శకులు పరిహసించిరి. ఆ చిత్రము పేరునుబట్టియే ఇంప్రెషనిజమను సంప్రదాయమునకు నామ మేర్పడినది. దారిద్ర్యము మాత్రము చిరకాలము వెన్నంటియే యుండెను. 1879లో భార్య కామీయ్ ముప్పది రెండేండ్ల ప్రాయముననే, ఇరువురు కుమారులను విడిచి గతించెను.

1883లో మోనే జివెర్ని గ్రామమున నొక యింటిని అద్దెకు దీసికొనెను. చిత్రములు అమ్ముడువోవుటచే 1890లో ఆ యిల్లు కొనగలిగెను. అందు గులాబీలు, డాలియాలు, ఐరిసులు మొదలగు మొక్కలను, ఒకటి వాడునప్పటికి వేరొకటి విరియునట్లు నాటించెను. 1893లో ఇంటికెదుట, రైలుమార్గమున కావల, కొంత భూమి కొని, ప్రక్కనున్న యేటిపాయ నుండి నీరు మళ్లించి కొలను త్రవ్వింప దలచెను. పరదేశపు మొక్కలవలన నీరు చెడునని గ్రామస్థులు అభ్యంతరము చెప్పిరి. ఆయన పట్టు విడువక అధికారుల యనుమతి బడసి, కొలను త్రవ్వించి, కలువలు వేయించి, జపాను రీతిని వంతెన గట్టించెను.

ఇచ్చట నొక విశేషము గమనింపదగినది. ఆ కలువలను మోనే చిత్రములకొరకు నాటలేదు. కేవలము వేడుకకై నాటెను. ఏండ్లు గడచిన పిమ్మటగాని వానియందలి చిత్రము ఆయన కంటికి గోచరింపలేదు. ఉదయమున నొక వన్నె, మధ్యాహ్నమున వేరొక వన్నె, మేఘము గ్రమ్మిన మరియొకటి. నీరొక్కటియే, వెలుగు మారుచుండును. కావున పెక్కు పటములను చెంతనుంచుకొని, వెలుగు మారినపుడెల్ల పటమును మార్చి వ్రాసెడివాడు. 1909లో నలువది యెనిమిది కలువచిత్రములను పారిసునందు ప్రదర్శించెను.

పిదప కష్టకాలము వచ్చెను. 1911లో రెండవ భార్య అలీసు మరణించెను. 1912లో కన్నులకు శుక్లములు గలవని వైద్యులు నిర్ణయించిరి. 1914లో జ్యేష్ఠకుమారుడు గతించెను. ఆ యేడే మహాయుద్ధము వచ్చెను. డెబ్బది యేండ్లు దాటిన ఆ వృద్ధుడు అప్పుడే తన జీవితమునందలి మహత్కార్యమునకు బూనుకొని, తోటలో పెద్ద చిత్రశాల గట్టించెను. రంగులు కంటికి సరిగా దెలియనపుడు గొట్టములపై పేర్లను జూచి వానిని గుర్తించెడివాడు. నచ్చని చిత్రములను తానే ధ్వంసము చేసెడివాడు. 1918లో యుద్ధము ముగియగనే తన చిత్రములను జాతికి కానుకగా నిత్తునని మిత్రుడును ప్రధానమంత్రియునగు క్లెమాన్సోకు దెలిపెను. 1923లో కుడికంటికి శస్త్రచికిత్స జరిగెను. పిమ్మటను ఆ చిత్రములను దిద్దుచునే యుండి, 1926 డిసెంబరు 5వ తేదీన, ఎనుబది యారవ యేట పరమపదించెను. మరుసటి యేడు మే నెలలో పారిసునందలి ఒరాంజెరీ మందిరమున, రెండు అండాకార శాలలలో, ఇరువది రెండు పలకలపై వ్రాయబడిన ఆ యెనిమిది మహాచిత్రములను ప్రజలకు జూపిరి. వాని మొత్తము పొడవు సుమారు 90 మీటర్లు.

కొంతకాలము పాడువడిన ఆ తోట పునరుద్ధరింపబడి 1980 నుండి ప్రజల దర్శనమునకు తెరువబడినది.

పెరటిచెట్టు మందునకు రాదని మనవా రందురు. ఆ చెట్టునకు నీరుపోసి, ఓపికతో దినదినము చూచువాని కది అన్నిటికిని వచ్చునని ఈ మహాశయుని జీవితము చెప్పుచున్నది. ఉద్యోగము విరమించి, చూపు మందగించిన మాబోటివారు పనికాలము ముగిసినదని కూర్చుండ నేల? మా పెరటిలోను ఒక నందివర్ధనము, రెండు మందారములు గలవు. రేపటినుండి వానిని మరింత శ్రద్ధతో జూడ దలచితిమి.