గాజుల లక్ష్మీనర్సు శెట్టి

గాజుల లక్ష్మీనర్సు శెట్టిగారు 1806లో మద్రాసులో ఒక తెలుగు వర్తక కుటుంబంలో జన్మించారు. తండ్రి సిద్ధులు శెట్టిగారు నీలిమందు, బట్టల వ్యాపారి. లక్ష్మీనర్సుగారు చిన్న వయసులోనే వ్యాపారంలో ప్రవేశించి విశేషంగా ధనం ఆర్జించారు.

ఆ రోజుల్లో పాలన ఈస్టిండియా కంపెనీది. పన్ను కట్టడమే ప్రజల వంతు. పాలన ఎలా సాగుతున్నదని అడిగే వీలు లేదు. పన్ను వసూలు చేసే తహశీలుదారు చేతిలోనే పోలీసు అధికారమూ ఉండేది. కొట్టించినవాని దగ్గరికే వెళ్లి మొరపెట్టుకోవాలి! బకాయిపడ్డ రైతును నడుము వంచి ఎండలో నిలబెట్టేవారు. వేళ్లను రెండు కర్రల మధ్య ఇరికించి నొక్కేవారు.

ప్రజల కష్టాలను వెల్లడించడానికి లక్ష్మీనర్సుగారు 1844లో ‘క్రెసెంట్’ అనే ఇంగ్లీషు పత్రికను స్థాపించారు. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ ఏర్పడటానికి ఆయనే ముఖ్య కారకులు. మరుసటి సంవత్సరం కంపెనీ పాలనాధికారాన్ని పార్లమెంటు పునఃపరిశీలించవలసి ఉంది. అదను చూసి, పన్నుల భారాన్ని, న్యాయస్థానాలలో జరిగే జాప్యాన్ని వివరిస్తూ సంఘం పక్షాన లండనుకు మహజరు పంపారు.

1853లో డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చాడు. లక్ష్మీనర్సుగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలలో తిరిగారు. రైతుల బాధలను రైతుల నోటనే వినిపించారు. కాగితం మీది మాట కన్నా అది బలంగా పనిచేసింది. 1854లో సేమూర్ ఈ విషయాన్ని పార్లమెంటులో లేవనెత్తగా, విచారణ సంఘం నియమించక తప్పలేదు. హింసకు గురైనవారు స్వయంగా వచ్చిగాని, ఉత్తరం ద్వారాగాని చెప్పుకోవచ్చునని సంఘం ప్రకటించింది. సుమారు రెండువేల ఫిర్యాదులు అందాయి. అంతవరకు ఎవరూ చెవిన పెట్టని రైతు మాట సాక్ష్యంగా నమోదయింది.

హింస జరుగుతున్నమాట నిజమేనని 1855లో ఆ సంఘం నివేదించింది. కాని నిందనంతా కింది ఉద్యోగులైన భారతీయుల మీద మోపి, ఇంగ్లీషు అధికారులను తప్పించింది. ఇది న్యాయమైన తీర్పు కాదు. అయినా మొర వృథా పోలేదు. 1859 నాటి చట్టంతో పోలీసుశాఖ రెవిన్యూ నుండి వేరయింది.

1863లో ప్రభుత్వం లక్ష్మీనర్సుగారిని మద్రాసు శాసనమండలి సభ్యులుగా నియమించింది. ప్రజాకార్యాలకు సొంత సొమ్ము ధారపోసిన ఆ వర్తకుడు చివరి రోజులు లేమిలో గడిపి, 1868లో కన్నుమూశారు.