నిఘంటుకర్త డాక్టరు జాన్సను

ఆంగ్లభాష నేర్చువారికి పదముల యర్థము తెలిసినంతమాత్రమున చాలదు. ఏ సందర్భమున ఏ పదమును పెద్దలెట్లు వాడిరో తెలిసినగాని ఆ పదము మనది కాదు. ఈ సత్యమును తన నిఘంటువునకు పునాదిగా చేసికొనిన మహనీయుడు శామ్యూల్ జాన్సను.

ఆయన 1709వ సంవత్సరమున ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి మైకేలు పుస్తకముల వర్తకుడు. పసితనమున సోకిన గండమాల వ్యాధివలన ఆయన చూపు దెబ్బతినెను. అయినను బడిచదువు ముగిసిన పిదప రెండేండ్లు తండ్రి యంగడిలోనుండి, చేతికందిన గ్రంథమునెల్ల చదివెను. 1728లో ఆక్సుఫర్డున ప్రవేశించెను గాని, పేదరికముచే పట్టము పొందకయే పదమూడు నెలలకు వెనుదిరిగెను. తరువాత స్థాపించిన పాఠశాలకు చాలినంతమంది విద్యార్థులు రాలేదు. 1737లో తన శిష్యుడు గారిక్కుతో లండను చేరి, పత్రికలకు వ్రాయుచు పొట్టపోసికొనెను.

1746లో పుస్తకవ్యాపారులు కొందరు ఆంగ్లనిఘంటువును కూర్చుటకై 1,500 గినీలకు ఆయనతో ఒడంబడిక చేసికొనిరి. గాఫ్ స్క్వేరులోని యింటి పైయంతస్తున ఆరుగురు లేఖకులతో పని సాగెను. జాన్సను గ్రంథములను చదువుచు, తగిన పదముక్రింద గీత గీయును. లేఖకులు ఆ పదమున్న వాక్యమును చీటిపై నెత్తి వ్రాయుదురు. ఆ చీటీలను వరుసలో నుంచి, ప్రయోగములను పోల్చి, అర్థభేదములను ఆయన నిర్ణయించును. టేక్ అను చిన్న క్రియకే నూటికిపైగా అర్థములు తేలినవి!

మూడేండ్లలో ముగింతునన్న పని తొమ్మిదేండ్లు పట్టెను. నడుమ 1752లో భార్య మరణించెను. గ్రంథారంభమున ఆదుకొనని చెస్టర్‌ఫీల్డు ప్రభువు, అది ముగియబోవు వేళ పత్రికలో పొగడగా, ఆలస్యముగా వచ్చిన ఆ యాదరము తనకక్కరలేదని జాన్సను లేఖ వ్రాసెను. 1755 ఏప్రిలు 15న నిఘంటువు రెండు బృహత్సంపుటములుగా వెలువడెను. అందు 42,000కు పైగా పదములు, లక్షకు మించిన ప్రయోగవాక్యములు కలవు. పట్టమీయని ఆక్సుఫర్డు, అది వెలువడుటకు కొంచెము ముందే ఎం. ఏ. పట్టమిచ్చి గౌరవించెను.

కీర్తి వచ్చినను కలిమి రాలేదు. మరుసటియేడే స్వల్పమగు నప్పునకై ఆయన నిర్బంధింపబడగా, నవలాకారుడు రిచర్డుసను ధనమిచ్చి విడిపించెను. 1762లో రాజు ఏటికి 300 పౌనుల భృతి యొసగినపిదపనే ఆ యిడుము తీరెను.

గుఱ్ఱపు కాలిలోని యొక భాగమునకు ఆయన తప్పర్థము వ్రాసెను. ఒక స్త్రీ కారణమడుగగా, తన యజ్ఞానమే కారణమని సంకోచింపక యొప్పుకొనెను. అంతటి పండితునకు అంతటి వినయము!

1784 డిసెంబరు 13న ఆయన కన్నుమూసెను. వెస్టుమినిస్టరు ఆబీలో ఆయన సమాధి కలదు.

ఆంగ్లము నభ్యసించు యువకులు ఆయన మార్గమునే పట్టుట మేలు. చదువునప్పుడు క్రొత్తపదము తారసిల్లిన, అర్థముతోబాటు ఆ వాక్యమును గూడ పుస్తకమున వ్రాసికొనవలెను. కొంతకాలమునకు ఆ పుస్తకమే వారి సొంత నిఘంటువగును. తండ్రి యంగడి ఆయనకెట్టిదో, గ్రామమునకు గ్రంథాలయ మట్టిది. తలుపు తెరచియే యున్నది. లోనికి వచ్చి చదువుటయే మన వంతు.