రౌతు దొర విలియం బెంటింకు

ఈ శతవత్సర సంచికకు వ్యాసాలు వ్రాయవలసినదని పెద్దలు కోరినప్పుడు మా తోటివారు చాలమంది మిషనెరీ దొరల చరిత్రలను, తొలి ఉపదేశకుల చరిత్రలను ఎన్నుకున్నారు. మేము మిషనెరీ కాని ఒక దొరను ఎన్నుకున్నాము. మన పిల్లల చరిత్ర పుస్తకాలలో ఆయనకు దక్కిన చోటు ఒక్క వాక్యం. సతీసహగమనాన్ని నిషేధించిన గవర్నరు జనరలు విలియం బెంటింకు అని. పరీక్షకు అది చాలును. కాని ఆయన గుర్రపు దండులో పెరిగిన రౌతు అనీ, ముప్పయి ఏండ్లు నిండకముందే మద్రాసు గవర్నరై మన గుంటూరు, ఒంగోలు సీమలను నాలుగేండ్లు ఏలినారనీ, తరువాత ఆయన గవర్నరు జనరలుగా ఉన్న రోజులలోనే మన మెట్టపొలాల మీద నందన కరువు పడినదనీ మనలో ఎంతమందికి తెలుసును?

బెంటింకు 1774వ సంవత్సరం సెప్టెంబరు 14వ తేదీన ఇంగ్లండులో పోర్టుల్యాండు ప్రభువుకు రెండవ కుమారుడుగా జన్మించినారు. తండ్రి రెండు పర్యాయాలు ఆ దేశపు ప్రధానమంత్రి. ఎస్టేటు పెద్ద కుమారునికి పోతుంది గనుక రెండవవానికి సైన్యమే దారి. 1791లో కాలిబంట్ల దళంలో చేరి, మరుసటి సంవత్సరమే గుర్రపు దండులోకి మారినారు. 1794లో, ఇరవై ఏండ్లయినా నిండకముందే, 24వ లైట్ డ్రాగూన్ల దండుకు లెఫ్టినెంటు కర్నలు అయినారు. ఆ రోజులలో ఇట్టి పదవులు డబ్బిచ్చి కొనుక్కునేవారన్న సంగతి ఇక్కడ చెప్పకపోతే చదువరులు పొరబడగలరు. అయితే యుద్ధం మాత్రం ఆయన దగ్గరనుండే చూచినారు. ఫ్లాండర్సులో పోరాడినారు. 1799లో ఇటలీలో రష్యా సేనాని సువోరోవు వద్దకు బ్రిటిషు ప్రతినిధిగా వెళ్ళి, మరుసటి యేడు మరెంగో యుద్ధంలో ఆస్ట్రియావారు నెపోలియను చేతిలో ఓడిపోయిన దినాన వారి పక్షాన ఉన్నారు.

1803 ఫిబ్రవరిలో మేరీ ఎచిసన్ దొరసానిని వివాహమాడినారు. వారికి సంతానం కలుగలేదు. ఆ యేడే ఆగస్టు 30న మద్రాసులో గవర్నరు పదవి స్వీకరించినారు.

అప్పటికి గుంటూరు సర్కారు నిజాము చేతినుండి కుంపిణీ చేతిలోకి వచ్చి పదిహేనేండ్లు. ఒంగోలు ప్రాంతం కర్ణాటక నవాబు రాజ్యంతోపాటు 1801లో వచ్చినది. అమరావతిలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు వైభవంగా ఏలుతున్న కాలం. సరిగా ఆ రోజులలోనే ఉత్తర సర్కారులలో శాశ్వత పరిష్కారం జరుగుతున్నది. అనగా జమీందారు ప్రతి యేటా ఇంత పేష్కషు చెల్లించవలెనని ఎన్నటికీ మారని మొత్తం ఖాయపరచడం. వాన పడినా పడకపోయినా ఆ మొత్తం కట్టవలసినదే. రైతు ఎంత ఇవ్వాలో చెప్పే దిక్కు మాత్రం లేదు. ఈ ఏర్పాటు బెంటింకు తెచ్చినది కాదు, ఆయన వచ్చేసరికే 1802లో చట్టమైపోయినది. కాని కొంతకాలం పరిశీలించిన తరువాత ఆయనకు సందేహం పుట్టినది. దత్తమండలాలలో మన్రో దొర నేరుగా రైతుతోనే శిస్తు నిర్ణయించుకుంటున్న పద్ధతి మేలని తోచి, థాకరే అనే ఉద్యోగిని జిల్లాల పరిశీలనకు పంపినారు. ఆ రైతువారీ పద్ధతి స్థిరపడకముందే ఆయన పదవి పోయినది. ఎట్లు పోయినదో కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

1806లో మద్రాసు సిపాయిలకు కొత్త తలపాగా పెట్టినారు. దానిమీద తోలు తురాయి. నొసట బొట్టు పెట్టరాదు, గడ్డం కత్తిరించుకోవలెను అని కూడా ఉత్తరువు. ఇది పుట్టినది సేనాధిపతి సర్ జాన్ క్రడకు కచేరీలో. అసమ్మతి మొదలైనదని తెలిసిన తరువాత కూడ గవర్నరు సేనాధిపతినే సమర్థించినారు. హిందువులకు కులం పోతుందని భయం, ముసల్మానులకు దీను పోతుందని భయం, అందరినీ క్రైస్తవులను చేయడానికే ఈ టోపీ అని వదంతి. జూలై 10వ తేదీ తెల్లవారుజామున వేలూరు కోటలో సిపాయిలు తిరగబడినారు. నూరుమందికి పైగా తెల్లవారు చనిపోయినారు. ఆర్కాటునుండి గిల్లెస్పీ అనే దొర 19వ లైట్ డ్రాగూన్లతో గుర్రాలమీద వచ్చి కోటను తిరిగి పట్టుకున్నాడు. ఆ పూట చనిపోయిన సిపాయిలు కొన్ని వందలు. ఆనాటి మద్రాసు పటాలాలలో మన తెలుగువారు తక్కువమంది కారు. ఉత్తరదేశంలో సిపాయికి తిలంగా అనే పేరే వచ్చినది మనవారిని బట్టి.

1807లో కుంపిణీ డైరెక్టర్లు సేనాధిపతిని, గవర్నరును ఇద్దరినీ వెనుకకు పిలిపించినారు. బెంటింకుకు ఇది తలవంపు. 1810లో తన తప్పు లేదని పెద్ద విజ్ఞాపన అచ్చువేయించినారు. మా అభిప్రాయంలో తప్పు పూర్తిగా ఆయనది కాకపోయినా ఆయనది లేకపోలేదు. బొట్టు, గడ్డం తమవి కానివానికి అవి చిన్న సంగతులుగా కనబడతాయి.

తరువాత ఇరవై ఏండ్లు వేరే దేశాలలో గడిచినవి. 1809లో స్పెయినులో కొరున్నా యుద్ధంలో ఒక బ్రిగేడును నడిపినారు. 1811నుండి సిసిలీ ద్వీపంలో సేనాధిపతిగా, రాయబారిగా ఉండి, 1812లో అక్కడివారికి ఇంగ్లండు పద్ధతిలో రాజ్యాంగం ఏర్పడుటకు తోడ్పడినారు. 1828 జూలైలో గవర్నరు జనరలుగా కలకత్తాలో దిగినారు.

సతి విషయంలో ఆయన నడిచిన తీరు చూస్తే వేలూరు పాఠం కళ్ళ ముందు ఉన్నట్లే కనబడుతుంది. ముందు చట్టం చేసి తరువాత తుపాకులు ఎత్తలేదు. నలభైతొమ్మిదిమంది సైనికాధికారులను రహస్యంగా అడిగినారు. ఈ ఆచారం మాన్పిస్తే సిపాయిలు తిరగబడతారా అని. ఎక్కువమంది భయం లేదన్నారు. అప్పుడే 1829 డిసెంబరు 4న నిషేధం ప్రకటించినారు. దానిని బెంగాలీలోకి తర్జుమా చేయవలసినదని శ్రీరాంపురంలోని విలియం కేరీగారికి పంపగా అది ఆదివారం ఉదయం చేరినది. కేరీగారు ఆనాటి ప్రసంగం మరొకరికి అప్పగించి సాయంత్రానికి పని ముగించినారు. ఒక్కపూట ఆలస్యమైతే ఎందరు విధవలు కాలిపోతారోనని ఆయన ఆతురత. మన మద్రాసు రాజధానిలో అదే చట్టం 1830 ఫిబ్రవరి 2న వచ్చినది.

మన సంఘాలవారికి సంబంధించిన మరొక పని ఉన్నది. మతం మార్చుకున్నవాడు తండ్రి ఆస్తిలో వాటా కోల్పోరాదని 1832లో బెంగాలులో ఒక నిబంధన చేసినారు. 1850లో అదే దేశమంతటికీ చట్టమైనది. పొలం గట్టున వాటాకోసం నిలబడిన విశ్వాసులకు అది ఎంత అండో మన పాత కుటుంబాలవారికి చెప్పనక్కరలేదు.

సరిగా ఆ 1832లోనే, నందన సంవత్సరంలో, మన సీమలో వానలు పడలేదు. అప్పటికి కృష్ణ కాలువలు లేవు. పైరు ఎండినది, పశువులు పోయినవి, జనం దక్షిణాన మద్రాసు బాట పట్టి దారులలో రాలిపోయినారు. దీనినే డొక్కల కరువు అని కూడా అన్నారు. గుంటూరు జిల్లాలో సుమారు 5 లక్షల జనంలో 2 లక్షలమంది వరకు పోయినారని లెక్క. అనగా ప్రతి అయిదుగురిలో ఇద్దరు. ధాన్యం వర్తకంలో సర్కారు చేయిపెట్టరాదు, ధర పెరిగితే వర్తకులే సరుకు తెస్తారు అన్నది ఆనాటి దొరతనం నమ్మకం. జమీందారులకు ఖాయపరచిన పేష్కషు అట్లే ఉన్నది. బాకీలు పెరిగి పెరిగి, 1840 తరువాతి దశాబ్దం ముగిసేలోగా గుంటూరు జమీందారీలన్నీ సర్కారు వశమైనవి.

మద్రాసుకు వేరే గవర్నరు ఉన్నాడు, ఇది ఆయన బాధ్యత అని కొందరు చెప్పవచ్చును. నిజమే. 1832 అక్టోబరునుండి సర్ ఫ్రెడరిక్ ఆడం అక్కడ గవర్నరు. అయినా పైన ఉన్నది బెంటింకే. ఖర్చు తగ్గించి ఖజానా నింపుటకే ఆయనను పంపినారు, ఆ పని నెరవేర్చినారు. సైనికాధికారుల భత్యం సగం కోసి వారి చేత తిట్లు తిన్నారు. ఒకనాడు ఈ శాశ్వత పరిష్కారం మంచిది కాదని గ్రహించినవాడే ఈ సీమ ఎండిపోతున్నప్పుడు పైన కూర్చుని ఉండుట మాకు మింగుడుపడని సంగతి. ఆయన జీవితంలోని మంచిని చెప్పి దీనిని దాచుట మాకు ఇష్టం లేదు. పది సంవత్సరాల తరువాత, 1842 జూలై 31న, హెయ్యరుగారు గుంటూరు చేరేనాటికి ఈ కరువు నడివయసు వారందరికీ కళ్ళారా చూచిన సంగతే.

1834లో ఆరోగ్యం చెడి బెంటింకు కొంతకాలం ఊటీలో ఉన్నారు. మెకాలే మద్రాసులో దిగి పల్లకిలో కొండెక్కి ఆయనను కలుసుకున్నది అక్కడే. మరుసటి యేడు మార్చిలో ప్రభుత్వపు చదువుల సొమ్ము ఇంగ్లీషు చదువుకు అని తీర్మానించినారు. మన మిషను హైస్కూళ్ళలో చదివినవారం దానిని నిందించలేము. తెలుగు బడికి అది మేలు చేసినదని కూడా అనలేము. సిపాయిలకు కొరడా దెబ్బలు మాన్పించినది కూడా ఆ యేడే. ఆ మార్చిలోనే ఆయన కలకత్తా విడిచినారు.

ఇంగ్లండు చేరిన తరువాత బిరుదు ఇస్తామంటే వద్దని, గ్లాస్గో పట్టణం తరఫున పార్లమెంటు సభ్యుడైనారు. 1839 జూన్ 17న పారిసులో మరణించినారు. అప్పటికీ ఆయన 11వ లైట్ డ్రాగూన్ల గుర్రపు దండుకు గౌరవ కర్నలే. కృష్ణపై బెజవాడ ఆనకట్ట పూర్తయినది మరి పదహారేండ్లకు, 1855లో. కలకత్తాలో విక్టోరియా మెమోరియలు తోటలో ఆయన విగ్రహం ఉన్నది. దాని పీఠంమీద చితి దగ్గరి విధవను చెక్కినారు. కింద మెకాలే వ్రాసిన ప్రశంస ఉన్నది. అందులో గుంటూరు మాట లేదు.