బంగారు గనిని వదులుకొని అంగడి పెట్టిన జాన్ నార్డ్‌స్ట్రామ్

అమెరికాలో ఖరీదైన బట్టలు, జోళ్లు అమ్మే పెద్ద అంగళ్లలో నార్డ్‌స్ట్రామ్ పేరు తెలియనివారు తక్కువ. ఆ పేరు పెట్టుకున్న దుకాణాలు ఆ దేశంలో ఎన్నో పట్టణాల్లో ఉన్నాయి. అయితే దీన్ని స్థాపించినవాడు ధనవంతుల బిడ్డ కాదు. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని, పొట్ట చేత పట్టుకొని సముద్రం దాటిన పల్లెటూరి కుర్రాడు. ఆయన గడించిన సొమ్మును చూసి మేము ఈ జీవితకథ చెప్పబూనలేదు. దేన్ని పట్టుకోవాలో, దేన్ని ఎప్పుడు వదిలెయ్యాలో ఎరిగిన మనిషి కనుక చెబుతున్నాము. వ్యాపారంలో ఉన్నవారికీ, ఉమ్మడి కుటుంబాల పెద్దలకూ ఇందులో ఆలోచించవలసింది కొంత ఉంది.

1871లో ఉత్తర స్వీడన్‌లో లూలియో పట్టణం దగ్గరి ఒక పల్లెలో యోహాన్ పుట్టాడు. తండ్రి కమ్మరి పనీ, బండ్ల పనీ చేసేవాడు. పిల్లవాడికి ఎనిమిదేళ్లప్పుడు ఆయన కన్నుమూశాడు. ఇక చదువెక్కడిది? ఇంటిపనీ, పొలంపనీ మీద పడ్డాయి. 1887లో, పదహారేళ్ల వయసులో, అమెరికా ఓడ ఎక్కాడు. దిగేసరికి జేబులో మిగిలినవి 5 డాలర్లు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అక్కడే యోహాన్ కాస్తా జాన్ అయ్యాడు.

ఆ తరువాత పదేళ్లు ఆయన చెయ్యని కూలి లేదంటే అతిశయోక్తి కాదు. మిషిగన్ రాష్ట్రంలో ఇనుప గనిలో పనిచేశాడు. అడవుల్లో మానులు నరికాడు. పని ఎక్కడ దొరికితే అక్కడికి పోతూ, దేశానికి పడమటి అంచున ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం చేరాడు. కూడబెట్టిన డబ్బుతో 20 ఎకరాల నేల కొని, బంగాళాదుంపల సాగు మొదలుపెట్టాడు.

1897 జులైలో ఒకరోజు పొద్దున్నే పేపర్లో వార్త వచ్చింది. ఉత్తరాన కెనడాలోని క్లాండైక్ ప్రాంతంలో బంగారం దొరికిందట! జాన్ ఇక ఆగలేదు. ఆ సాయంత్రానికల్లా మూటాముల్లె సర్దుకొని, ఓడ ఎక్కేందుకు సియాటిల్ పట్టణం బయలుదేరాడు. ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ వేలకు వేల మంది ఆ దారి పట్టారు. మంచు కొండలు ఎక్కి, నదుల వెంట పోయి, గడ్డకట్టే చలిలో నేల తవ్వారు. చాలామంది ఉత్త చేతులతో తిరిగివచ్చారు.

జాన్ రెండేళ్లు అక్కడే కష్టపడ్డాడు. చివరికి బంగారం ఉన్న జాగా దొరికింది. దొరికిందో లేదో, ఆ జాగా నాదంటూ ఇంకొకడు తగువుకొచ్చాడు. తీర్పు చెప్పవలసిన అధికారి ఆ మనిషికి కావలసినవాడని తెలిసింది. ఇక న్యాయం ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా? ఇలాంటి చోట మనలో చాలామందిమి పంతానికి పోతాం. ఉన్నదంతా ఊడ్చిపెట్టి అయినా సరే, గెలిచి తీరాలంటాం. జాన్ తన హక్కును 13,000 డాలర్లకు అమ్మేసి వచ్చేశాడు. అన్యాయమని ఆయనకూ తెలుసు. కానీ తగువులో కరిగిపోయే గని కన్నా చేతిలో ఉన్న పైకమే నయమనుకున్నాడు. ఆయన జీవితంలో అది మొదటి పెద్ద మలుపు.

సియాటిల్‌కు తిరిగివచ్చాక 1900లో హిల్డా కార్ల్‌సన్ అనే ఆవిడను పెళ్లి చేసుకున్నారు. క్లాండైక్‌లో పరిచయమైన కార్ల్ వాలిన్ ఆ ఊళ్లో జోళ్లు బాగుచేసే చిన్న కొట్టు నడుపుతుండేవాడు. ఇద్దరూ కలిసి జోళ్ల దుకాణం పెడదామనుకున్నారు. జాన్ 5,000 డాలర్లు, వాలిన్ 1,000 డాలర్లు పెట్టారు. 1901లో ‘వాలిన్ అండ్ నార్డ్‌స్ట్రామ్’ తలుపులు తెరిచింది. జాన్ అంతకుముందు ఒక్క జత కూడా అమ్మి ఎరగరు. మొదట వచ్చిన గిరాకీ ఒక స్త్రీ. ఆమె కోరిన జత ఎక్కడుందో తెలియక, చివరికి ముందు అద్దాల్లో చూపుకు పెట్టినదాన్నే తీసి ఇచ్చారు! ఆ రోజు అమ్మకం మొత్తం పన్నెండున్నర డాలర్లు.

ఆ దుకాణం నిలదొక్కుకోవడానికి రెండు కారణాలు కనబడతాయి. ఒకటి, ఏ కొలత పాదానికైనా సరిపోయే జోడు ఉండాలని, రకరకాల పొడవు వెడల్పుల్లో సరుకు నింపేవారు. తమకు సరిపడే జోడు దొరకని వాళ్లంతా వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చేవారు. రెండోది, వచ్చినవారిని సంతోషపెట్టి పంపాలన్న పట్టుదల. బేరం ఇవాళ పోతే పోనీ, మనిషి మళ్లీ రావాలి. ఆ పద్ధతే ముందు ముందు ఆ సంస్థకు పెట్టుబడి కన్నా పెద్ద ఆస్తి అయింది.

1923లో రెండో దుకాణం తెరిచారు. 1928లో, యాభై ఏడేళ్లకే, జాన్ తన వాటాను కొడుకులు ఎవరెట్, ఎల్మర్‌లకు అమ్మి తప్పుకున్నారు. మరుసటి ఏడాది వాలిన్ కూడా తన భాగం వాళ్లకే ఇచ్చేశారు. మూడో కొడుకు లాయిడ్ 1933లో చేరారు. అది ఎలాంటి కాలమో గుర్తుచేసుకోవాలి. 1929లో అమెరికా బజారు కుప్పకూలింది. అడుగడుగునా దుకాణాలు మూతపడ్డాయి. అలాంటి రోజుల్లో అన్నదమ్ములు కలిసి నిలబడి వ్యాపారాన్ని బతికించారు. 1960 నాటికి సియాటిల్‌లోని వాళ్ల దుకాణం ఆ దేశంలోకెల్లా పెద్ద జోళ్ల అంగడి అనిపించుకుంది.

జోళ్లొక్కటే అమ్ముతూ కూర్చుంటే చాలదని 1963లో ఆ అన్నదమ్ములు బెస్ట్స్ అపారెల్ అనే ఆడవాళ్ల బట్టల సంస్థను కొన్నారు. నేడు మనం వినే బట్టల నార్డ్‌స్ట్రామ్‌కు అదే పునాది. అదే సంవత్సరం అక్టోబరులో, తొంభై రెండేళ్ల పండు వయసులో, జాన్ కన్నుమూశారు. అంతకుముందే తన వలస జీవితాన్ని కుటుంబం కోసం ఒక చిన్న పుస్తకంగా రాసి ఉంచారు.

1971లో వాటాలు బజారులో అమ్మకానికి పెట్టారు. చాలా ఏళ్ల తరువాత, 2025 మే నెలలో, మెక్సికోకు చెందిన లివర్‌పూల్ సంస్థతో కలిసి కుటుంబమే మళ్లీ మొత్తం వ్యాపారాన్ని కొనుక్కుంది. దాని విలువ సుమారు 625 కోట్ల డాలర్లు. సగానికి కాస్త ఎక్కువ వాటా కుటుంబం చేతిలోనే ఉంది. నాలుగో తరం కూడా గల్లా దగ్గర నిలబడిందన్నమాట.

తండ్రి సంపాదించిన దుకాణం కొడుకుల తగాదాల్లో రెండు ముక్కలు, నాలుగు ముక్కలై చివరకు మూతపడటం మన బజార్లలో ఎన్నోసార్లు చూశాం. తాళాల గుత్తి ఆఖరి శ్వాస వరకూ మొలకే కట్టుకున్న పెద్దలనూ చూశాం. జాన్ నార్డ్‌స్ట్రామ్ పరాయివాడితో తగువు వదులుకొని అంగడి సంపాదించారు. ఒంట్లో ఓపిక ఉండగానే పిల్లలకు ఆ అంగడినీ వదిలి, దాన్ని నిలబెట్టారు. గనిలో దొరికిన బంగారం ఎన్నడో ఖర్చయిపోయింది. ఆ రెండు వదులుకోవడాల ఫలం మాత్రం నూట ఇరవై ఏళ్లు దాటినా మిగిలే ఉంది. మన ఇళ్లలో పెద్దలూ, పిల్లలూ ఒకచోట కూర్చొని ఈ సంగతి మాట్లాడుకుంటే మంచిదని మా మనవి.