దోమపై యుద్ధం నీటి తొట్టి దగ్గరే మొదలు.. రొనాల్డ్ రాస్ జీవితం విశాఖకు చెప్పే పాఠం

విశాఖపట్నం: వాన పడితే చాలు.. గెడ్డల్లో, పాత టైర్లలో, డాబాల మీది డ్రమ్ముల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ వెనకే మలేరియా, డెంగీ భయం. ఈ నీళ్ల సంగతి 140 ఏళ్ల కిందటే పట్టేసిన డాక్టర్ ఒకరున్నారు. ఆయనే సర్ రొనాల్డ్ రాస్.

1857 మే 13న అల్మోరాలో పుట్టారు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో అధికారి. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరారు. 1883లో బెంగళూరులో ఉన్నప్పుడు ఆయన బంగ్లాలో దోమల గోల ఎక్కువ. చూస్తే కిటికీ బయట తొట్టిలో లార్వా గిజగిజలాడుతోంది. నీళ్లు పారబోయించారు, దోమలు తగ్గాయి. మిగతా చోట్లా ఇలాగే చేద్దామంటే పై అధికారి ఒప్పుకోలేదు!

ఆ తర్వాత సికింద్రాబాద్. హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టించిన దోమలను రాస్ ఒక్కొక్కటిగా కోసి చూశారు. కుట్టిన ప్రతి దోమకూ రోగికి ఒక అణా ఇచ్చారు. 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమి దొరికింది. అందుకే ఏటా ఆ రోజు ప్రపంచ దోమల దినం. 1902లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆయన పనిచేసిన భవనం హైదరాబాద్ బేగంపేటలో ఇప్పటికీ ఉంది.

రాస్ అక్కడితో ఆగలేదు. దోమ ఎగిరాక తరమడం కష్టం, లార్వాగా ఉన్నప్పుడే ఆపాలన్నది ఆయన పట్టు. గుంతలు పూడ్చాలి, మురుగు కదలాలి, పారబోయలేని నీళ్లపై నూనె చల్లాలి. ఇందుకు ప్రత్యేక దళాలు ఉండాలన్నారు. 1902లో సూయజ్ కాలువ ఒడ్డునున్న ఇస్మాయిలియాలో ఆయన సలహాతో ఇదే చేశారు. కొన్నేళ్లలోనే అక్కడ మలేరియా దాదాపు పోయింది. 1932 సెప్టెంబర్ 16న రాస్ లండన్‌లో కన్నుమూశారు.

ఇవాళ మలేరియా సిబ్బంది గెడ్డల్లో ఆయిల్ బాల్స్ వేస్తున్నా, చెరువుల్లో గంబూసియా చేపలు వదులుతున్నా.. అదంతా రాస్ చూపిన బాటే. కానీ డెంగీ దోమ గెడ్డలో పుట్టదు. ఇంట్లోని కూలర్, పూలకుండీ కింది పళ్లెం, మూతలేని డ్రమ్ము, కొబ్బరి చిప్ప.. వీటిలోని మంచినీళ్లే దానికి కావాలి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి ‘ఫ్రైడే.. డ్రైడే’. నీళ్లు పారబోసి, గుడ్లు అంటుకుని ఉంటాయి కాబట్టి తొట్టి గోడలు కూడా రుద్ది కడగాలి. ఈ పని ఇంటివాళ్లు చేయాల్సిందే. పోర్టు దగ్గరైనా, స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లోనైనా మన డాబా మీది డ్రమ్ముకు మూత పెట్టాల్సింది మనమే.