స్టేజీ మీదికి ఆడవాళ్లను పిలిచిన బళ్ళారి రాఘవ

ఈసారి గోడపత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాది. ఎప్పుడూ స్వాతంత్ర్య సమరయోధుల గురించే రాస్తున్నాం గదా, నేను ఒక నాటకాల ఆయన గురించి రాస్తున్నాను. ఎందుకో మధ్యలో చెప్తాను.

ఆయన అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. అప్పటికి అనంతపురం జిల్లానే లేదు. 1882లో బళ్ళారి జిల్లా నుంచి విడదీశారు. తండ్రి నరసింహాచార్యులు గారు బళ్ళారిలో తెలుగు పండితులు, తల్లి శేషమ్మ గారు. బళ్ళారిలో పెరిగినందుకు బళ్ళారి రాఘవ అనే పేరే నిలిచిపోయింది.

శేషమ్మ గారి అన్న ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ధర్మవరం అంటే మనకు పట్టుచీరలు, రైలు మారే జంక్షన్ గుర్తుకొస్తాయి. నాటకాలవాళ్లకు మాత్రం ఈ మేనమామ గుర్తుకొస్తాడు. 1853లో ధర్మవరంలో పుట్టి, బళ్ళారిలో వకీలుగా ఉంటూ 1886లో సరస వినోదిని సభ పెట్టి, తానే నాటకాలు రాసి ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడని పేరు తెచ్చుకున్నారు. ఇంట్లోనే అట్లాంటి మేనమామ ఉంటే పిల్లవాడు ఊరికే ఉంటాడా?

రాఘవ గారు మద్రాసులో లా చదివి బళ్ళారిలో ప్లీడరు అయ్యారు. పెద్ద క్రిమినల్ లాయరని పేరు. పగలు కోర్టు, రాత్రి నాటకం. నాటకం మీద డబ్బు సంపాదించుకోవాలని ఆయన ఆడలేదు, వచ్చింది మంచి పనులకు ఇచ్చేవారు.

పోయిన ఏడాది మనం పెనుకొండ కోట ఎక్కినాం గదా. 1565లో తళ్ళికోట యుద్ధంలో రామరాయలు చనిపోయినాక ఆయన తమ్ముడు తిరుమలరాయలు వచ్చి చేరింది ఆ పెనుకొండకే. ఆ యుద్ధం కథనే కోలాచలం శ్రీనివాసరావు గారు రామరాజు చరిత్ర అనే నాటకంగా రాశారు. అందులో రాఘవ గారు రాజు వేషం కాదు, పఠాన్ వేషం వేసేవారు. ఆ వేషంతోనే ఆయనకు చాలా పేరు వచ్చింది. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, చాణక్యుడు, షేక్‌స్పియర్ నాటకంలో షైలాక్, అన్నీ ఇట్లాంటి కోపిష్ఠి మనుషులే. చెడ్డవాడి లోపల కూడా ఒక మనిషి ఉంటాడని ఆయన వెతికేవారేమో అని నాకు అనిపిస్తుంది.

ఆ కాలంలో నాటకమంటే పద్యం, రాగం. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడాల్సిందే. ఏడ్చే మనిషి అంతసేపు రాగం తీస్తాడా అని రాఘవ గారు ఒప్పుకోలేదు. మాట మామూలుగా, ముఖంలో బాధ కనపడేటట్టు చెప్పేవారు.

ఇప్పుడు అసలు సంగతి. అప్పుడు ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్ళే వేసేవారు. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే జనం మురిసిపోయేవారు. అది గొప్ప విద్యే, కాదనను. కానీ ఆడమనిషి దుఃఖం ఆడమనిషే చూపించాలని రాఘవ గారు పట్టుబట్టారు. ఒక్క సంగతి మరిచిపోకూడదు, కడప జిల్లా సురభి నాటకాల కుటుంబాల్లో ఆడవాళ్ళు అంతకుముందు నుంచే వేషాలు వేస్తున్నారు. కానీ బయట ఆడమనిషి స్టేజీ ఎక్కితే మర్యాద లేనట్టు చూసేవారు. చదువుకున్న ఇండ్ల ఆడవాళ్ళే వచ్చి ఆ చూపును మార్చాలని రాఘవ గారు అడిగారు. అడిగి ఊరుకోలేదు, తన పక్కనే నిలబెట్టి ఆడించారు.

అట్లా వచ్చినవారిలో కొమ్మూరి పద్మావతీదేవి గారు ఒకరు. కథలు కూడా రాసేవారు. అప్పటికే పిల్లల తల్లి. డిటెక్టివ్ నవలలు రాసిన కొమ్మూరి సాంబశివరావు ఈమె కొడుకే. పి.వి. రాజమన్నార్ గారు రాసిన తప్పెవరిది నాటకంలో ఈమె రాఘవ గారితో కలిసి నటించారు. రాజులు, దేవుళ్ళు లేని నాటకం అది. మొగుడు పెళ్ళాల మధ్య తప్పు ఎవరిదని అడుగుతుంది. అది మగవాడు చీర కట్టుకుని అడిగితే ఎట్లుంటుంది, ఆడమనిషే నిలబడి అడిగితే ఎట్లుంటుంది, మీరే ఆలోచించండి. కొప్పరపు సరోజిని, కాకర్ల కమల గార్లు కూడా ఆయనతో నటించారు.

నేను ఇది ఎందుకు రాస్తున్నానంటే, మన వార్షికోత్సవం నాటకానికి పేర్లు ఇచ్చిన వాళ్లలో ఇద్దరిని ఇంట్లో వద్దన్నారు. మా నాయన ఇంకా ఏమీ చెప్పలేదు. మా తాండాలో ఒక పెద్దాయన మాత్రం, బిడ్డను చదువుకు పంపినావా వేషాలకా అని నాయనను అడిగినాడంట. నాకు ఇది అర్థం కాదు. తీజ్ పండుగకు పెళ్ళికాని ఆడపిల్లలం బుట్టల్లో గోధుమ మొలకలు పెంచి తొమ్మిది రోజులు అందరి ముందరా పాడి ఆడతాం. ఆ పెద్దాయన కూడా కూర్చుని చూస్తాడు. అప్పుడు లేని తప్పు స్టేజీ ఎక్కితే ఎట్లా వచ్చింది? మన హాస్టల్లో కాటుకతో మీసం గీసుకుని రాజు, పోలీసు కూడా మనమే వేస్తాం. రాఘవ గారు చూసుంటే నవ్వుకునేవారు.

1927లో గాంధీగారు ఒళ్ళు బాగాలేక హిందూపురం అవతలి నందికొండలో, తర్వాత బెంగళూరులో ఉన్నారు. ఆ ఏడాది రాఘవ గారి హిందీ నాటకం దీనబంధు కబీర్ చూస్తూ ప్రార్థన వేళ దాటినా లేవలేదని చెప్తారు. 1928లో రాఘవ గారు ఇంగ్లాండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిశారు.

సినిమాలు మూడే. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం, అది ఆడలేదు. 1940లో చండిక. ఈ రెండింటి నడుమ 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి రైతుబిడ్డ. అందులో రాఘవ గారు రైతు. జమీందార్ల దౌర్జన్యం చూపించినందుకు వాళ్ళకు కోపం వచ్చి కొన్నిచోట్ల ఆ సినిమాను ఆపించారు. అందులో టంగుటూరి సూర్యకుమారి కూడా నటించింది. 1925 నవంబరులో పుట్టింది, లెక్క వేసుకోండి, అప్పుడు ఆమెది మన తొమ్మిదో తరగతి వయసే.

రాఘవ గారు 1946 ఏప్రిల్ 16న బళ్ళారిలో చనిపోయారు. తర్వాత 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ ఊళ్ళో రాఘవ కళామందిరం అని ఆయన పేరుతో నాటకశాల ఉంది.

నాటకంలో ముసలమ్మ వేషం ఇంకా ఖాళీగానే ఉంది. పేరు ఇవ్వాలనుకున్నవాళ్ళు ఆదివారం లోపల తెలుగు మేడమ్ గారికి చెప్పండి.